ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత పనిముట్లు, పాత వస్తువులు: పట్టి చూసి కొనే పద్ధతి

ఆదివారం పొద్దున ఎనిమిదిలోపు హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మెట్రో స్టేషన్ మెట్లు దిగితే అప్పటికే రోడ్డు పక్కన పట్టాలు పరిచి ఉంటాయి. ఒక పట్టా మీద పానాల కుప్ప, ఇంకోదాని మీద మిక్సీ మోటార్లు, పక్కన చార్జర్ల చిక్కుముడి, ఆ పక్కన గాజు పగిలిన గోడ గడియారం, ఇత్తడి చెంబు, ఎవరి ఇంట్లోదో పెళ్లి ఫొటో ఫ్రేము. కొత్తగా వచ్చినవాళ్లకు ఇదంతా చెత్తగా కనిపిస్తుంది. పన్నెండేళ్లుగా తిరుగుతున్న నాకు మాత్రం నగరంలో ఇంతకన్నా మంచి పనిముట్ల దుకాణం లేదు.

కారణం చోటులోనే ఉంది. ఎర్రగడ్డకు ఆనుకుని సనత్‌నగర్, ఆ పైన బాలానగర్. 1942లో పుట్టిన ఆల్విన్ కంపెనీ ఫ్రిజ్‌లు తయారుచేసింది సనత్‌నగర్‌లోనే. బాలానగర్ వైపు విమాన పరికరాల హెచ్ఏఎల్, యంత్రాల హెచ్ఎంటీ, మందుల ఐడీపీఎల్ వచ్చాయి. పనిముట్లు తయారుచేయడమెలాగో నేర్పడానికే 1968లో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టారు. ఆ కార్ఖానాల చుట్టూ వందల చిన్న లేత్ షెడ్లు. ఫిట్టర్లు, టర్నర్లు, మెషినిస్టులు ముప్పై నలభై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. వాళ్ల పెట్టెల్లోని సామాను ఇల్లు సర్దినప్పుడో, ఇల్లు మారినప్పుడో కబాడీ బండెక్కుతుంది. ఒకసారి పాత నట్ల డబ్బా కొంటే అడుగున ఒక డ్రిల్ చక్, అంటే డ్రిల్లు ముల్లును బిగించి పట్టే తల, దొరికింది. తుప్పు తుడిస్తే ప్రాగా అని పేరు తేలింది. 1943లో సికింద్రాబాద్‌లో మొదలైన ప్రాగా టూల్స్ చక్ అది. ఇప్పటికీ నా డ్రిల్లింగ్ మెషిన్‌కు అదే ఉంది.

అందుకే ఈ మార్గదర్శి రాస్తున్నాను. అలాంటి సామాను కిలోల లెక్కన కరిగించే కొలిమికి పోకముందు, దాన్ని గుర్తుపట్టే చేతుల్లో పడాలి. గుర్తుపట్టడం నేర్చుకోవచ్చు. నేను పాటించే నియమం ఒక్కటే: ధర అడగకముందే పరీక్ష అయిపోవాలి. ధర విన్నాక కన్ను మారిపోతుంది. చవకగా వస్తోందంటే పగులు కూడా గీతలాగే కనిపిస్తుంది.

బయల్దేరకముందు

ఒక చీటీ మీద మూడు వస్తువుల పేర్లు రాసుకోండి. మూడే. "నాలుగంగుళాల వైస్, అరంగుళం ఉలి, 0.02 మిల్లీమీటర్ల దాకా కొలిచే వెర్నియర్" అన్నట్టు కొలతతో సహా రాయాలి. చీటీ లేకుండా వెళ్తే సంచి నిండుతుంది, పని మాత్రం జరగదు.

జేబులో ఉండాల్సినవి: చిన్న అయస్కాంతం, టార్చి, ఆరంగుళాల స్టీల్ స్కేలు, భూతద్దం, పాత గుడ్డ ముక్క, విరిగిన ఆకురాయి ముక్క, ఎం8 బోల్టు ఒకటి. వీటితోపాటు కొత్త 6202 బేరింగ్ ఒకటి కొనుక్కోండి. ఏ బైక్ స్పేర్‌పార్ట్స్ షాపులోనైనా దొరుకుతుంది. దాని లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 35, మందం 11. బేరింగ్‌లను మైక్రాన్ల తేడాలో తయారుచేస్తారు కాబట్టి సంతలో కొలత పరికరాన్ని పరీక్షించడానికి ఇంతకన్నా నమ్మకమైనది, ఇంత చవకైనది ఇంకొకటి లేదు. నాణేల మీద ఆసక్తి ఉంటే నగల షాపువాళ్లు వాడేలాంటి చిన్న డిజిటల్ తూకం కూడా పెట్టుకోండి.

చేతికి గ్లౌజులు, కాళ్లకు బూట్లు వేసుకోండి. టీటీ ఇంజెక్షన్ తీసుకుని ఎన్నేళ్లయిందో చూసుకోండి. తుప్పు పట్టిన రంపాల కుప్పలో చెయ్యి పెట్టబోతున్నారు మరి. డబ్బు పది, యాభై, వంద నోట్లుగా తీసుకెళ్లండి. సంచి గుడ్డదై ఉండాలి. ప్లాస్టిక్ కవర్ ఒక్క వైస్ బరువుకే చిరిగిపోతుంది.

ఎవరి దగ్గర ఆగాలి

మొదటి చుట్టు ఆగకుండా నడవాలి. అమ్మేవాళ్లు మూడు రకాలని అప్పుడే తెలుస్తుంది. మొదటి రకం కబాడీవాళ్లు. ఇళ్లు, షెడ్లు ఖాళీ చేయించి తెచ్చిన సామాను కలగాపులగంగా పోస్తారు. పనిముటూ తుక్కూ వాళ్లకు ఒకటే. రెండోవాళ్లు మెకానిక్‌లు. తాము వాడినవో, బాగు చేసినవో వరుసగా పేర్చి అమ్ముతారు. ధర కాస్త ఎక్కువే అయినా అడిగితే నిజం చెబుతారు. మూడోవాళ్లు "యాంటిక్" అనే మాట తెలిసినవాళ్లు. గ్రామఫోను, కత్తి, లాంతరు తళతళలాడేలా పెట్టి ఉంటారు. అక్కడ చూసి నేర్చుకోండి, కొనడం మాత్రం చివరికి.

నా సమయమంతా మొదటివాళ్ల దగ్గరే గడుస్తుంది. పైపైన చూస్తే ఏమీ దొరకదు. డబ్బాల అడుగున, గోనెసంచి మూతి దగ్గర, వైర్ల చుట్టల కింద చూడాలి. కూర్చుని, అడిగి, ఒక్కొక్కటే తీసి చూసి, తీసినది తీసినచోటే పెట్టాలి. కెలికి వదిలేసేవాళ్లంటే వాళ్లకు చిరాకు. సర్ది పెట్టే మనిషిని రెండో ఆదివారానికే గుర్తుపడతారు.

ఒక్క మినహాయింపు ఉంది. చీటీలో ఉన్న వస్తువు మొదటి చుట్టులోనే కనిపిస్తే ఆగిపోండి. తిరిగొచ్చేసరికి అది వేరేవాళ్ల సంచిలో ఉంటుంది.

పానాలు

అన్నిటికన్నా ఎక్కువగా దొరికేవి, తేలిగ్గా మోసపోయేవి కూడా ఇవే. పానా నోట్లో మీ ఎం8 బోల్టు తల పెట్టి చూడండి. దాని తల 13 మిల్లీమీటర్లు. 13 అని ఉన్న పానాలో అది కదలకుండా కూర్చోవాలి. ఊగితే నోరు తెరుచుకుపోయిందన్నమాట, అది బోల్టు తలను గుండ్రంగా కొరికేస్తుంది. రింగు పానాలో లోపలి పన్నెండు మూలలను టార్చి వేసి చూడండి. మూలలు నున్నబడి ఉంటే వదిలేయండి.

అంకె పక్కన డబ్ల్యూ అక్షరం కనిపిస్తే అది విట్‌వర్త్ కొలత. పాత ఇంగ్లిష్ యంత్రాల కోసం చేసినది. మన మెట్రిక్ బోల్టులకు సరిపోదు. పాత ఇంగ్లిష్ మోటార్‌సైకిళ్లు బాగుచేసేవాళ్లు మాత్రం దానికోసమే వెతుకుతుంటారు. అలాంటివాళ్లు మీకు తెలిసుంటే తీసుకోండి.

పేరు అచ్చులో పోత పోసినట్టు స్పష్టంగా ఉండాలి. ప్రసిద్ధ కంపెనీల పేర్లలో ఒక అక్షరం మార్చి తయారుచేసే నకిలీలు చాలా ఉన్నాయి. పేరును అక్షరం అక్షరం చదవండి. క్రోమ్ పూత పొక్కులుగా లేచి కింద ఎర్రటి తుప్పు ఉంటే ఆ పూత ఇక ఊడిపోతూనే ఉంటుంది, చేతికి గుచ్చుకుంటుంది. పూతే లేని పాత నల్ల పానా పైన తుప్పున్నా బాగుపడుతుంది.

వైస్, రందా, ఉలి

వైస్ అంటే సామానును రెండు దవడల మధ్య బిగించి పట్టే పనిముట్టు. దాని విషయంలో నేను ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను. ఆకుపచ్చ రంగు కొత్తగా వేసి ఉన్న ఆరంగుళాల వైస్ సంతోషంగా మోసుకొచ్చాను. ఇంట్లో మొదటిసారి గట్టిగా బిగించగానే కదిలే దవడ కింద గీత తెరుచుకుంది. పాత పగులుకు ఇత్తడితో అతికించి, పైన రంగు పూసి అమ్మారు. పోత ఇనుము అతుకు బెంచి వైస్ మోసే బరువుకు ఆగదు. అప్పటినుంచి కొత్త రంగు కనిపిస్తే ముందు అనుమానిస్తాను. రంగు కింద పసుపు గీత ఉందేమో వైస్ మెడ దగ్గర, స్క్రూ పోయే రంధ్రం చుట్టూ భూతద్దంతో వెతకండి. వేలి కణుపుతో తట్టి వినండి. పగులు లేని పోత మోగుతుంది, పగిలినది మొద్దుగా పలుకుతుంది.

తర్వాత హ్యాండిల్ తిప్పండి. దవడ కదలకుండానే హ్యాండిల్ పావు చుట్టు తిరిగిపోతే లోపలి మర అరిగినట్టు. కొద్దిగా ఆడితే ఫర్వాలేదు. దవడలు మూసి మధ్యలో వెలుతురు పట్టి చూస్తే పై అంచు నుంచి కింది వరకు ఒకే సందు ఉండాలి. దవడల పళ్ల పలకలు అరిగితే మార్చుకోవచ్చు. వంగిన దవడకు మాత్రం మందు లేదు.

రందా అని ఇక్కడి వడ్రంగులు పిలిచేది, చిత్రిక పట్టే పనిముట్టు. ఇనుప రందాల్లో అమెరికా స్టాన్లీ, ఇంగ్లండ్ షెఫీల్డ్‌లో చేసిన రికార్డ్ పేర్లున్నవి అప్పుడప్పుడు వస్తుంటాయి. 4 నంబరుది నున్నపు పనికి, 5 నంబరుది మొదటి గరుకు పనికి. బ్లేడు బయటికి వచ్చే నోటి రెండు పక్కల నుంచి పగులు మొదలవుతుంది. ముందు అక్కడే చూడండి. తర్వాత తిరగేసి, అడుగు మీద స్కేలు నిలబెట్టి వెలుతురుకు పట్టుకోండి. మధ్యలో కాస్త పల్లముంటే రుద్ది సరిచేసుకోవచ్చు. మెలితిరిగితే వద్దు. బ్లేడు ఎంత మిగిలిందో చూడండి. మధ్య గాడి దగ్గరి వరకు అరిగిపోయి ఉంటే ఇంకో బ్లేడు వెతుక్కోవాలి. స్క్రూలన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. స్టాన్లీ రందా స్క్రూలలో చాలావాటి మర ప్రత్యేకమైనది, మామూలు హార్డ్‌వేర్ షాపులో దొరికే బోల్టు అందులో పట్టదు. ఒక స్క్రూ లేని రందా చవకే గాని, ఆ స్క్రూ దొరికేదాకా బొమ్మే. కర్ర పిడి విరిగి ఉంటే ఆలోచించకుండా కొనండి. మన వడ్రంగి టేకు ముక్కతో రెండు గంటల్లో చేసిస్తాడు.

ఉలి కొనేటప్పుడు అందరూ అంచు పదును చూస్తారు. నేను వెనక వైపు చూస్తాను. అంచు దగ్గర వెనక భాగంలో లోతైన తుప్పు గుంటలుంటే ఎంత సానపట్టినా అంచు పళ్లు పళ్లుగానే వస్తుంది. ఉక్కు గట్టిదో కాదో తేల్చుకోవాలంటే అమ్మేవాళ్లను అడిగి ఆకురాయి ముక్కను అంచు మూలన ఒక్కసారి లాగండి. ఆకురాయి జారిపోతే గట్టి ఉక్కు. కొరుక్కుంటే ఎవరో గ్రైండర్ మీద మంట పుట్టించి పట్టు తీసేశారు. అంచు దగ్గర నీలి రంగు కూడా దానికి గుర్తే. నీలం కొద్ది దూరమే ఉంటే అది పోయేదాకా చల్లబరుస్తూ సానపట్టి లోపలి మంచి ఉక్కును అందుకోవచ్చు.

రంపం గురించి ఒక్క మాట. పిడి వైపు నుంచి కంటితో గురిపెట్టి వీపును చూడండి. వంకర ఉంటే వద్దు.

కొలత పరికరాలు

వెర్నియర్, మైక్రోమీటర్ సంతలో కొనకూడదంటారు. పరీక్షించడం తెలియనివాళ్లకు అది నిజమే. వెర్నియర్ దవడలు మూసి ఆకాశం వైపు పట్టండి. సందులోంచి వెలుతురు కనిపించకూడదు. అలా మూసినప్పుడు రెండు సున్నా గీతలు ఒకదానికొకటి ఎదురుగా రావాలి. ఇప్పుడు బేరింగ్ తీయండి. బయటి దవడలతో 35, లోపలి దవడలతో 15, మందం 11. మూడూ సరిగ్గా వస్తే ఆ పరికరం నిజం చెబుతోంది. బయటి కొలత సరిగా వచ్చి లోపలిది తప్పితే పై దవడల మొనలు అరిగాయన్నమాట. చాలా వెర్నియర్లకు ఈ జబ్బే ఉంటుంది, ఎందుకంటే జనం వాటితో ఇనుము మీద గీతలు గీస్తారు. పేరున్న జపాన్ కంపెనీ మిటుటోయో ముద్ర ఉన్నంత మాత్రాన నమ్మకండి. ఆ పేరుతో నకిలీలున్నాయి. బేరింగ్ చెప్పిందే నమ్మండి.

మైక్రోమీటర్‌లో చివర వేళ్లతో తిప్పే రాచెట్ పిడి టిక్కుటిక్కుమని జారాలి. రాచెట్ బిగుసుకుపోయినది ఎవరో పట్టు స్క్రూలా వాడిన సరుకు.

మేస్త్రీ పనిముట్లలో రసమట్టం కొనేటప్పుడు నేల మీద పెట్టి బుడగ ఎక్కడాగిందో చూసి, అదే చోట తిప్పి పెట్టండి. రెండుసార్లూ బుడగ నేల మీద ఒకే దిక్కుకు, అంతే దూరం జరిగి ఆగాలి. నేల ఏటవాలుగా ఉన్నా ఈ పరీక్ష పనిచేస్తుంది. మూలమట్టమూ అంతే. అట్టముక్క తిన్నని అంచుకు ఆనించి గీత గీసి, తిరగేసి అదే చోట ఇంకో గీత గీస్తే రెండూ కలిసిపోవాలి.

కరెంటుతో నడిచేవి

డ్రిల్లు, గ్రైండరు లాంటివాటిని సంతలో ప్లగ్గు పెట్టి చూపిస్తామంటారు. తిరిగిందని తృప్తిపడకండి. చక్‌ను పట్టి పక్కలకు ఊపితే టకటకలాడకూడదు. తిరుగుతున్నప్పుడు గాలి సందుల్లోంచి చూస్తే కార్బన్ బ్రష్‌ల దగ్గర చిన్న నీలి మిణుగురులుంటే మామూలే. ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) చుట్టూ నిప్పు వలయం తిరుగుతుంటే దాని తీగచుట్ట పోతోంది. వాసన చూడండి. కాలిన వార్నిష్ వాసన ఎన్ని రోజులైనా పోదు.

పేరు పలక తప్పకుండా చదవాలి. అమెరికా నుంచి తెచ్చినవి 110 నుంచి 120 వోల్టులవి. మన 230 వోల్టులకు పెడితే క్షణాల్లో కాలిపోతాయి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో శనివారం గరాజ్ సేల్స్‌కు వెళ్లే మనవాళ్లకు కూడా ఇదే మాట. అక్కడ చేతి పనిముట్లు కొని తెచ్చుకోండి, అవి ఏ దేశంలోనైనా పనిచేస్తాయి. మోటారున్నవి అక్కడే వాడుకోండి.

పాత వాల్వు రేడియో, పాత ఫ్యాను ఇంటికి తెచ్చాక నేరుగా ప్లగ్గులో పెట్టొద్దు. ఎలక్ట్రీషియన్ దగ్గర సిరీస్ బోర్డు ఉంటుంది. వంద వాట్ల బల్బు గుండా కరెంటు పంపుతుంది. బల్బు పూర్తిగా వెలిగితే లోపల షార్టు ఉంది. అసలే వెలగకపోతే ఎక్కడో తీగ తెగింది. మసకగా వెలిగితే ముందుకు వెళ్లొచ్చు.

సెల్‌ఫోన్లు ఈ సంతలో కొనవద్దు. ఎవరి దగ్గరైనా పాత ఫోను కొనాల్సి వస్తే స్టార్ హాష్ సున్నా ఆరు హాష్ నొక్కి ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ ఉండే గుర్తింపు సంఖ్య) చూసి, కేవైఎం అని టైపు చేసి ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కు మెసేజ్ పంపి పరీక్షించాకే డబ్బివ్వండి.

నాణేలు, గడియారాలు, గ్రామఫోన్లు

ఇక దాచుకునే వస్తువుల సంగతి. పనిముట్టు పనిచేస్తే చాలు. దాచుకునే వస్తువు అసలుదై ఉండాలి. అందుకే ఇక్కడ జాగ్రత్త రెట్టింపు కావాలి.

రాముడు, సీత, ఆంజనేయుడి బొమ్మలతో ఒక పక్క, ఈస్టిండియా కంపెనీ పేరుతో 1818 అని ఇంకో పక్క ఉన్న నాణెం ప్రతి సంతలోనూ చూపిస్తారు. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ ముద్రించలేదు. వాటి చుట్టూ అల్లిన కథే రైస్ పుల్లింగ్. బియ్యపు గింజలను లాగే రాగి పాత్ర, నాణెం కోట్లు పలుకుతాయని చెప్పి రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నో కుటుంబాలను ముంచారు. ఆ మాట ఎవరి నోట వచ్చినా లేచి వచ్చేయండి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్లకు లక్షలిస్తామనే ఫోన్లు కూడా ఈ కోవలోవే. తన పేరు చెప్పి పాత నాణేలకు ఫీజులు వసూలు చేసేవాళ్లను నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకే 2021లో ప్రకటించింది.

అసలు వెండి రూపాయి ఎలా తెలుస్తుంది? అయిదో జార్జి రూపాయి బరువు 11.66 గ్రాములు. వాడకంలో అరిగి కాస్త తగ్గొచ్చు గాని పదిన్నరకు పడిపోదు, పన్నెండు దాటదు. అయస్కాంతానికి అంటుకోకూడదు. 1947 రూపాయి మాత్రం అంటుకుంటుంది, ఎందుకంటే అది నికెల్‌ది. అంచు గాళ్ల మధ్య అతుకు గీత కనిపిస్తే పోత పోసిన నకిలీ. 1911 రూపాయి మీద రాజు అంగీపై ఉన్న ఏనుగు పందిలా కనిపిస్తోందని గొడవైతే ఆ అచ్చు మార్చారు. దానికి ధర ఎక్కువ పలుకుతుంది కాబట్టి నకిలీలూ ఎక్కువే.

మన నగరానిది చార్మినార్ రూపాయి. నిజాం రాజ్యపు హాలీ సిక్కా. చార్మినార్ మధ్య ద్వారంలో ఉన్న ఉర్దూ అక్షరం చూడండి. మీమ్ ఉంటే మహబూబ్ అలీ ఖాన్ కాలంది, ఐన్ ఉంటే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ కాలంది. బరువు దాదాపు 11.2 గ్రాములు, అంటే ఇంగ్లిష్ రూపాయి కన్నా తక్కువ. మీద ఉన్న సంవత్సరం హిజ్రీ లెక్క, కాబట్టి 1330 అని చూసి ఏడువందల ఏళ్ల నాటిదని ఎవరైనా అంటే నమ్మకండి. నాణెం కొన్నాక చింతపండుతో తోమొద్దు. తోమిన నాణెం విలువ సగానికి సగం పోతుంది.

హెచ్ఎంటీ చేతి గడియారాలకు ఇప్పుడు గిరాకీ పెరిగింది. జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో మొదలైన ఆ తయారీ 2016లో మూతపడింది. అందుకే సంతలో మెరిసిపోయే జనతా, పైలట్ మోడళ్ల డయళ్లలో చాలావరకు ఈ మధ్య మళ్లీ రంగు వేసినవే. భూతద్దంలో అక్షరాల అంచులు పాకినట్టు, మందంగా కనిపిస్తే కొత్త అచ్చు. ముళ్ల కింద మరక, కాస్త పసుపెక్కిన డయల్ ఉన్న గడియారమే నాకిష్టం. దాని వయసు దాని ముఖం మీదే ఉంటుంది. కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకోండి. టిక్కు ఒకే తీరుగా నడవాలి. ఆల్విన్ పేరున్న చేతి గడియారం దొరికితే వదలకండి. మన ఊరి కంపెనీది.

పెద్ద ఇత్తడి గొట్టంతో, కుక్క బొమ్మ పలకతో మెరిసే గ్రామఫోన్లు దాదాపు అన్నీ కొత్త పెట్టెకు పాత మోటారు బిగించినవే. అలంకారానికైతే మీ ఇష్టం, పాతదనుకుని మాత్రం డబ్బు పెట్టకండి.

ఇత్తడి, కంచు తూకం లెక్కన అమ్ముతారు. అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము మీద పూత. బిందె, గంగాళం అయితే నీళ్లు పోసి ఒక నిమిషం ఆగండి. వంటకు వాడే ఉద్దేశం ఉంటే కళాయి వేయించుకునే ఖర్చు కూడా కలుపుకోండి. బిద్రీ సామానులో నల్లటి ఒంట్లో వెండి తీగ పొదిగి ఉంటుంది. గోటితో గీరితే రంగు రాకూడదు. పైన వెండి రంగు పూసిన నకిలీ అయితే గోటికే వస్తుంది.

బేరం

కబాడీవాళ్ల మనసులో ఒక అంకె ఉంటుంది: ఆ వారం ఇనుము తుక్కు కిలో ఎంత. అంతకన్నా తక్కువకు వాళ్లు ఇవ్వలేరు. అది ముందే తెలుసుకుని వెళ్తే న్యాయమైన ధర ఎక్కడుందో మీకు తెలుస్తుంది. రెండు కిలోల రందాకు తుక్కు ధరకు మూడు నాలుగు రెట్లిచ్చినా అది మీకు లాభమే, వాళ్లకూ లాభమే.

"ఎంత చాచా?"

"మూడొందలు."

"బ్లేడు అరిగిపోయింది చూడు. దానికే ఇంకో నూటయాభై పెట్టాలె. నూటయాభైకి ఇస్తవా?"

"రెండొందలియ్యి. బోణీ చెయ్యి."

లోపం చూపించి అడగండి, వస్తువును తిట్టకండి. "ఇదేం చెత్త" అంటే తగ్గించే మనసు కూడా మారిపోతుంది. నాలుగైదు వస్తువులు ఒక్కచోటే కొంటే మొత్తానికి ఒక ధర అడగండి. బోణీ బేరాన్ని వదిలి వెళ్లడం వాళ్లకు ఇష్టముండదు కాబట్టి పొద్దున ధర తగ్గుతుంది. సాయంత్రం సర్దుకునేటప్పుడు మోసుకెళ్లే బాధ తప్పుతుందని తగ్గుతుంది. మధ్యాహ్నం జనం నిండి ఉన్నప్పుడు బేరం సాగదు. అడిగిన ధరే సరైనదైతే బేరం లేకుండా ఇచ్చేయండి. ఎండలో పట్టా పరుచుకుని కూర్చున్న మనిషి దగ్గర చివరి ఇరవై రూపాయల కోసం కొట్లాడటం నాకు నచ్చదు.

తీసుకోకూడనివి

వస్తువు మీద ఏ కార్ఖానా ఆస్తి ముద్రో, ఆఫీసు నంబరో కొత్తగా కనిపిస్తే, ధర నమ్మలేనంత తక్కువగా ఉంటే పక్కన పెట్టండి. దొంగసొత్తని తెలిసి కొన్నా, తెలిసే వీలుండి కొన్నా భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరమే. ఏనుగు దంతంతో చేసినది ఎంత పాతదైనా ముట్టకండి. ఆ వ్యాపారానికి నిషేధం ఉంది. వందేళ్లు దాటిన శిల్పం, చిత్రం, నాణెం, డెబ్బయి అయిదేళ్లు దాటిన రాతప్రతి 1972 పురావస్తు చట్టం కిందికి రావచ్చు. వాటిని దేశం దాటించడం మామూలు మనుషులకు నిషిద్ధం. సెలవులకు వచ్చిన బంధువులు సూట్‌కేసులో పెట్టుకుంటామంటే ఈ సంగతి చెప్పండి. గుడి సామానులా కనిపించే విగ్రహం, గంట, దీపం సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంటికొచ్చాక

ముందు కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో జిడ్డు తుడవండి. మామూలు తుప్పుకు నిమ్మ ఉప్పు చాలు. లీటరు నీళ్లకు యాభై నుంచి వంద గ్రాములు కలిపి, పనిముట్టు పూర్తిగా మునిగేలా ఉంచి, రెండు మూడు గంటలకోసారి తీసి బ్రష్‌తో రుద్దండి. రాత్రంతా వదిలేస్తే ఉక్కునే తింటుంది, పైన బూడిద రంగు మచ్చలు పడతాయి. తుప్పు వదలగానే తినేసోడా కలిపిన నీళ్లలో ముంచి, కడిగి, వెంటనే ఎండలోనో హెయిర్ డ్రయ్యర్‌తోనో ఆరబెట్టాలి. తడి మీద అయిదు నిమిషాలు వదిలినా కళ్లముందే కొత్త తుప్పు పడుతుంది. ఆరగానే కుట్టు మిషన్ నూనె పూయండి. వెర్నియర్, మైక్రోమీటర్లను ఇలా నానబెట్టొద్దు. గీతలు చెరిగిపోతాయి. నూనె గుడ్డతో తుడిస్తే చాలు. కర్ర పిడులను ముందే విప్పేయండి.

తుప్పు బాగా లోతుగా ఉన్నప్పుడు బట్టల సోడా నీళ్లలో బ్యాటరీ చార్జర్ పెట్టి తీసే పద్ధతి కూడా ఉంది. పనిముట్టుకు మైనస్ తీగ, పక్కన ఉంచే ఇనుప ముక్కకు ప్లస్. ఆ పక్క ముక్క స్టెయిన్‌లెస్ స్టీలు కాకూడదు, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. మామూలు ఇనుమే పెట్టండి. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయండి, దగ్గర్లో అగ్గిపుల్ల వెలిగించకండి.

పదును చివరి పని. ఉలి, రందా బ్లేడు వెనక భాగాన్ని ముందుగా సానరాయి మీద అద్దంలా తేర్చండి. తర్వాతే అంచు, దాదాపు ముప్పై డిగ్రీల వాలులో. నీళ్లు చిలకరిస్తూ నిదానంగా పట్టండి. గ్రైండర్ మీద పెట్టి తొందరపడితే పట్టు పోతుంది, ఆ నీలి మచ్చను మీరే తెచ్చుకున్నట్టవుతుంది. అంచు తేరాక ఒక టేకు ముక్క వైస్‌లో బిగించి, రందా బ్లేడును దాదాపు లోపలికి లాగేసి, ఒక్కో పావు చుట్టు బయటికి తిప్పుతూ తోయండి. రెండు మూడు తోపుల దాకా ఏమీ రాదు. తర్వాత ఉల్లిపొరంత పలచటి చెక్కపొర చుట్ట తిరుగుతూ రందా నోట్లోంచి లేస్తుంది. బ్లేడును అక్కడే ఆపండి.